ఎలవూరు ఆర్కిడ్ పందిరి చూసి వచ్చినాను

నేను అయిదో క్లాసు వరకే చదివినాను. ముప్పై ఏళ్లకు పైగా స్పిన్నింగు మిల్లులో రింగు ఫ్రేము దగ్గర సైడరుగా నిలబడినాను. పూల మొక్కల సంగతి రాసేంత చదువు నాకు లేదు. కానీ మన కుటుంబాల్లో చాలామంది పి.ఎఫ్., గ్రాట్యుటీ డబ్బు చేతికి రాగానే ఏదో ఒక వ్యాపారం పెడదామని చూస్తారు. అట్టాంటి వాళ్లకు పనికొస్తుందని ఎలవూరులో నేను చూసినదీ, చేసినదీ రాస్తున్నాను.

పోయిన ఏడు ఆడి నెలలో మా చెల్లెలు ఫోను చేసింది. "అన్నా, నలభై వేలు సర్దగలవా? ఇంకో రెండు వందల ఆర్కిడ్ మొక్కలు తెస్తాం. ఈసారి తప్పకుండా వస్తాయి" అన్నది. ఈసారి అన్న మాట నాకు గుచ్చుకుంది. ముందుసారి ఏమైందో నాకు తెలుసు. నా దగ్గర ఉన్నది కంటి ఆపరేషనుకు దాచుకున్న డబ్బు. ఫోనులో లేదని చెప్పడానికి నోరు రాలేదు. నేరుగా పోయి, ఆ పందిరి పీకేసి నెమ్మదిగా ఉండమని చెప్పి వద్దామని బయలుదేరినాను.

నేను ఉండేది కొరుక్కుపేట. అక్కడే లోకల్ రైలు ఎక్కినాను. గుమ్మిడిపూండి దాకా పోయే బండ్లు చాలా ఉంటాయి గానీ, దాన్ని దాటి సూళ్లూరుపేట దాకా పోయేవి తక్కువ. టైము చూసుకుని ఎక్కకపోతే గుమ్మిడిపూండిలో దిగి బస్సు పట్టాలి. తిరువొత్తియూరు, ఎన్నూరు దాటినాక ఉప్పునీటి గాలి మొదలవుతుంది. అత్తిపట్టు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు కనబడతాయి. మీంజూరు, పొన్నేరి దాటితే వరి మళ్లు. గుమ్మిడిపూండిలో సిప్కాట్ పనివాళ్లందరూ దిగిపోతే బండి సగం ఖాళీ. ఆ తర్వాతి స్టేషనే ఎలవూరు. ఇంకా పోతే ఆరంబాకం, దాని తర్వాత తడ, అది ఆంధ్రా.

ఎలవూరు అనగానే లారీవాళ్లకు గుర్తొచ్చేది హైవే మీది చెక్‌పోస్టు. మద్రాసు నుంచి కలకత్తా పోయే రోడ్డు అది. నాకు మాత్రం ఆ ఊరు టీకొట్టు దగ్గర వినబడే మాటే గుర్తు. బోర్డులన్నీ తమిళం, బేరాలు తెలుగు. ఒకే మనిషి కండక్టరుతో తమిళంలో మాట్లాడి, పక్కనున్న పెద్దాయనతో "ఏంది మామా, పంటలు ఎట్టుండాయి?" అంటాడు. తూర్పున పులికాటు చెరువు ఉంది. ఆ వైపు గాలి వీస్తే చొక్కా ఒంటికి అంటుకుంటుంది. ఎండ ఎంత కాసినా గాలిలో తడి ఉంటుంది. ఈ తడిని నమ్ముకునే మా బావ ఆర్కిడ్ పెట్టినాడు.

మా బావ కూడా మిల్లు మనిషే. కార్డింగులో పని చేసినాడు. దూది దుమ్ము మింగి మింగి దగ్గు పట్టుకుంది. సెటిల్‌మెంటు డబ్బు వచ్చినాక చెల్లెలితో కలిసి వాళ్ల నాయన ఇల్లున్న ఎలవూరుకు చేరినాడు. రెండేళ్ల కింద ఎవరో వచ్చి రెండు వందల డెండ్రోబియం ఆర్కిడ్ మొక్కలూ, వాటితో పాటు ఒక సీసా మందూ అమ్మినాడు. "కాడలు ముక్కలు కోసి ఈ మందులో ముంచండి. ఒక్కో మొక్క మూడు నెలల్లో పది అవుతుంది, తిరిగి నేనే కొంటా" అన్నాడంట. బావ నమ్మినాడు. పురట్టాసిలో బాగున్న కాడలన్నీ కోసి రాత్రంతా మందు నీళ్లలో నానబెట్టినాడు. ముక్కలు కణుపుల దగ్గర ఉబ్బి, పుండ్లు కట్టినట్టు గడ్డలు కట్టినాయి. మొలక రాలేదు, వేరు రాలేదు. నవంబరు వానలకు అన్నీ కుళ్లిపోయినాయి. కాడలు పోయిన తల్లి మొక్కలు కూడా నీరసించి చాలా చచ్చినాయి. అమ్మినవాడి ఫోను మళ్లీ ఎత్తలేదు.

నేను పోయేసరికి పందిరిలో ముప్పై ఒక్క తొట్లు మిగిలి ఉండాయి. బావ ఇంట్లో లేడు. "ఆయన పందిరి కిందికే రాడు అన్నా. పొద్దున పోతే టీకొట్లోనే కూర్చుంటాడు" అన్నది చెల్లెలు. నేను చెప్పాలనుకున్న మాట అప్పుడే చెప్పలేకపోయినాను.

సాయంత్రం నా మేనకోడలు కాలేజీ నుంచి వచ్చింది. పొన్నేరిలో బి.యస్సీ. బోటనీ చివరి ఏడు చదువుతోంది. నేను ఆ మందు సీసా చేతికిచ్చి, ఇదేంది చెప్పమన్నాను. ఆ పిల్ల చెప్పిన దాన్ని నాకు అర్థమైనట్టు రాస్తాను.

మొక్కలో పెరుగుదలను నడిపే పదార్థాలు కొన్ని ఉంటాయి. చాలా కొంచెమే ఉంటాయి. అవి ఎరువు కాదు, తిండి కాదు. ఎక్కడ మొలక రావాలి, ఎక్కడ వేరు రావాలి, ఏది ఆగాలి అని చెప్పే ఆజ్ఞల వంటివి. వాటిలో ఒక జాతి ఆక్సిన్లు. ఇవి వేరును పుట్టిస్తాయి. కొన మొగ్గలో తయారై కిందికి దిగుతూ, కింది కణుపుల్లోని మొగ్గల్ని నిద్రపుచ్చి ఉంచుతాయి. ఇంకో జాతి సైటోకైనిన్లు. ఇవి నిద్రపోయే మొగ్గను లేపుతాయి. నేను పుట్టకముందే, 1955లో, అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో స్కూగ్, మిల్లర్ అనేవాళ్లు కైనెటిన్ అనే సైటోకైనిన్‌ను కనిపెట్టినారు. రెండేళ్లకు ఇంకో సంగతి చూపించినారు. ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేరు, సైటోకైనిన్ పాలు ఎక్కువైతే మొలక.

"మామా, నాయన ముంచిన సీసాలో ఉన్నది ఎన్.ఎ.ఎ. అనే ఆక్సిన్" అన్నది. "పత్తిలో పూత, పిందె రాలకుండా, మామిడిలో పిందె రాలకుండా చల్లేది ఇదే."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బతుకంతా దూది పట్టుకున్న మా బావను పత్తి మందే ముంచింది. కొన మొగ్గను మన మిల్లు మేస్త్రీ అనుకోండి. మేస్త్రీ నిలబడి ఉన్నంతసేపు కింది మొగ్గలు కదలవు. కాడ కోస్తే మేస్త్రీ పోయినాడు, మొగ్గలు లేవాలి. అప్పుడు బావ సీసాలో నుంచి వందమంది మేస్త్రీలను తెచ్చి నెత్తిన కూర్చోబెట్టినాడు.

మోతాదు కూడా లెక్క వేసింది. సీసా మీద నాలుగున్నర శాతం అని ఉంది. బావ లీటరు నీళ్లకు రెండు మూతలు, అంటే సుమారు ఇరవై మిల్లీలీటర్లు పోసినాడు. అది 900 పి.పి.ఎం. పి.పి.ఎం. అంటే పది లక్షల్లో ఒక వంతు. పది లక్షల పోగుల్లో ఒక పోగు అనుకోండి. పత్తి మీద, మామిడి మీద చల్లేది పది, ఇరవై పి.పి.ఎం. దగ్గర. కలుపు చంపే 2,4-డి కూడా ఈ ఆక్సిన్ జాతిదే. పక్క చేనులో చల్లిన 2,4-డి గాలికి వచ్చి పడితే పత్తి ఆకు బెండాకు లాగా చీలి ముడుచుకుంటుంది. ఒకే జాతి మందు, కొంచెమైతే పిందెను నిలబెడుతుంది, ఎక్కువైతే మొక్కనే చంపుతుంది.

ఆ రాత్రి నేను చెల్లెలితో అన్నాను: "డబ్బు ఇవ్వను. కొత్త మొక్క ఒక్కటి కూడా కొనవద్దు. ఉన్న ముప్పై ఒక్క తొట్ల నుంచి ఏమొస్తుందో చూద్దాం. వారం రోజులు నేనుంటా." చెల్లెలికి కోపం వచ్చింది. అన్నం పెట్టి ఏమీ మాట్లాడకుండా పోయింది.

తెల్లారి మేనకోడలు చెప్పినట్టు పని మొదలుపెట్టినాం. పూసి అయిపోయి, ఆకు రాలి, ఇంకా పచ్చగా గట్టిగా ఉన్న పాత కాడలనే తీసుకున్నాం. లేత కాడ ముట్టుకోలేదు, తల్లికి బలం అదే. ఒక్కో ముక్కకు రెండు మూడు కణుపులు ఉండేట్టు కోసినాం. ఒక మొక్క కోసినాక బ్లేడును మంటలో కాల్చి ఇంకో మొక్కకు పోవాలి. ఆర్కిడ్‌కు వైరసు జబ్బులు బ్లేడు నుంచే అంటుకుంటాయంట. కోసిన కొనలకు దాల్చిన చెక్క పొడి అద్ది ఒక రోజు ఆరబెట్టినాం. మొత్తం అరవై ముక్కలు వచ్చినాయి.

వాటిని మూడు ట్రేలలో, ఇరవై ఇరవై పడుకోబెట్టినాం. కింద కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు. పీచులో ఉప్పు ఉంటుందని మూడు రోజులు నీళ్లు మార్చి మార్చి నానబెట్టినాం. ఈ ప్రాంతపు బోరు నీళ్లలోనూ ఉప్పు ఉంటుంది, సముద్రం దగ్గర గదా. మీంజూరు వైపు భూమి లోపలి నీళ్లలోకి సముద్రపు నీరు చేరిందని అందరికీ తెలిసిందే. అందుకని డ్రమ్ములో పట్టిన వాన నీళ్లే వాడినాం.

మొదటి ట్రేకు ఏ మందూ లేదు. రెండో ట్రేకు సైటోకైనిన్ పేస్టు. దీన్ని కైకీ పేస్టు అంటారు. కైకీ అంటే హవాయి దీవుల భాషలో పిల్ల. ఆర్కిడ్ కణుపు మీద పుట్టే పిల్ల మొక్కను లోకమంతా ఆ పేరుతోనే పిలుస్తారు. పేస్టులో మందు కొంచెమే, తక్కినదంతా లానోలిన్, అంటే గొర్రె ఉన్ని కడిగితే వచ్చే జిడ్డు. ఉన్ని మిల్లులో చేసినవాళ్లకు ఆ జిడ్డు తెలిసే ఉంటుంది. కణుపు మీది కాగితం లాంటి పొరను మెల్లగా తీసి, మొగ్గ మీద ఆవగింజంత అద్దాలి. అంతే, రెండో ఆవగింజ వద్దు. తెగిన పోగు ముడివేసిన వేళ్లు గనక ఆ పని నాకు బాగా కుదిరింది.

మూడో ట్రే మా చెల్లెలి పట్టుదల. కొబ్బరి నీళ్లలో కూడా సైటోకైనిన్ ఉంటుందని కూతురు చెప్పగానే, "మన చెట్టు కాయలు ఉండగా కొనేదేంది?" అని లేత కాయల నీళ్లు చల్లింది. ల్యాబుల్లో కొబ్బరి నీళ్లు వాడేది నిజమే. ఆర్కిడ్ గింజ పొడి లాగా ఉంటుంది, దానిలో తిండి నిల్వ ఉండదు. అడవిలో బూజు జాతి తోడు ఉంటేనే మొలుస్తుంది. 1922లో నడ్‌సన్ అనే అమెరికా ఆయన బూజు లేకుండానే చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించినాడు. ఆ జెల్లీల్లోకి తర్వాత కొబ్బరి నీళ్లు కూడా చేరినాయి. ఇప్పుడు అంగడికి వచ్చే ఆర్కిడ్లు చాలావరకు సీసాల్లో అట్టా పెంచినవే. "కానీ అక్కడ సీసా, గాలి, చెయ్యి అన్నీ శుభ్రం చేసి ఉంటాయమ్మా" అని కూతురు చెప్పినా చెల్లెలు వినలేదు.

నా వంతుకు నేను ఒకటి చేసినాను. మన డిపార్టుమెంటు గోడకు తడి బల్బు, పొడి బల్బు థర్మామీటరు ఉండేది గుర్తుందా? గాలి పొడిబారితే పోగు తెగుతుందని హ్యూమిడిఫికేషన్ ప్లాంటు నడిపేవాళ్లు. కోసిన కాడకు కూడా అంతే. వేరు లేని ముక్క నీళ్లు తాగలేదు. చుట్టూ గాలి తడిగా ఉంటేనే ఎండకుండా నిలుస్తుంది. రెండు మామూలు థర్మామీటర్లు కొని, ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టి, గుడ్డ కొన నీళ్ల గిన్నెలో వేలాడగట్టినాను. రెండింటి మధ్య తేడా పెరిగితే గాలి పొడి అయిందని అర్థం, నేల మీద నీళ్లు చల్లాలి. ముక్కల మీద పొయ్యకూడదు, పోస్తే కుళ్లుతాయి.

నాలుగో రోజు పొద్దున ఆ థర్మామీటర్ల ముందు ఎవరో నిలబడి ఉండారు. చూస్తే బావ. "తేడా నాలుగు డిగ్రీలుంది బావా, నీళ్లు చల్లాల" అన్నాడు. బకెట్టు ఆయనే ఎత్తినాడు. మేమిద్దరం ఆ సీసా గురించి మాట్లాడుకోలేదు.

వాళ్ల ఇంటి వెనక ఒక పాత మామిడి చెట్టు ఉంది. దాని కొమ్మ మీద ఒక ఆర్కిడ్ దానంతట అదే పెరిగింది. మా పెద్దలు చెట్టు మీద పెరిగేదాన్ని దేన్నైనా బదనిక అనేవాళ్లు. అసలు బదనిక చెట్టు రసం పీలుస్తుంది. ఇది పీల్చదు, పట్టుకుని ఉంటుందంతే. పసుపు గోధుమ రంగు గళ్ల పూలు, లోపల నీలం నాలుక, మంచి వాసన. వండా టెస్సెల్లాటా అని మేనకోడలు పేరు చెప్పింది. ఎప్పుడో గాలివానకు దాని తల ముక్క విరిగి పడితే, దానికి వేలాడే వేళ్లు మూడు ఉండాయని మా చెల్లెలు నూలు వేస్టుతో కొబ్బరి చెట్టుకు కట్టింది. ఏ మందూ లేకుండా అది పట్టుకుంది. వేరు ఉన్న ముక్కకు వేరు మందు ఎందుకు? అది చూసినాక మందు మీద నాకున్న భయమూ, మోజూ రెండూ తగ్గినాయి.

సంక్రాంతికి మళ్లీ పోయినాను. ఈసారి బావ స్టేషనుకు వచ్చినాడు. దారంతా ట్రేల సంగతే చెప్పినాడు. నేను పోయి లెక్కపెట్టినాను.

మందు లేని ట్రేలో ఎనిమిది మొలిచినాయి, ఏడు వేళ్లు పట్టినాయి. పేస్టు ట్రేలో పదిహేను మొలిచినాయి. వాటిలో పది తమంతట వేళ్లు పట్టినాయి. అయిదు మాత్రం పిల్లలు గుంపుగా లేచి, వేరు లేకుండా నిలిచిపోయినాయి. మొలక మందు ఎక్కువ పని చేస్తే అట్టా అవుతుంది. వాటి మొదట్లో ఐ.బి.ఎ. అనే వేరు మందు పొడి చిటికెడు అద్దితే మూడు నిలబడినాయి. కొబ్బరి నీళ్ల ట్రేకు చీమలు, బూజు పట్టి నాలుగే మొలిచినాయి, మూడు బతికినాయి. మొత్తం ఇరవై మూడు పిల్లలు. వేరు రెండు అంగుళాలు పెరిగినవాటిని వేరే తొట్లలోకి మార్చినారు. ఇవి పూసేదానికి ఇంకా ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది.

చూసినారు గదా. మందుకు పని ఉంది. కాకపోతే అది ఏడును పదమూడు చేసింది, ఒకటిని పది చెయ్యలేదు. తక్కినదంతా నీడ, తడి గాలి, శుభ్రమైన బ్లేడు, గట్టి కాడ, ఓపిక. సీసాలో ఓపిక అమ్మరు.

ఆ రోజు నేను చెల్లెలి చేతిలో కొంచెం డబ్బు పెట్టినాను. మొక్కలకు కాదు, మేనకోడలు ఎం.యస్సీ.లో చేరేదానికి. కంటి ఆపరేషను ఆరు నెలలు ఆగితే ఏమీ కాదని డాక్టరు చెప్పినాడు. చెల్లెలు చాలాసేపు ఊరుకుని, "అప్పుడు నువ్వు నలభై వేలు ఇయ్యలేదని నీ మీద చాలా కోపం పెట్టుకున్నా అన్నా. ఇచ్చుంటే ఇంకో సీసా కొనుండేవాళ్లం" అన్నది.

మన వాళ్లకు నా మాట ఇది. ఆర్కిడ్ చెడ్డ పంట కాదు. మల్లె మూర లెక్కన పోతుంది, పొద్దు తిరిగితే వాడుతుంది. ఆర్కిడ్ కాడ లెక్కన పోతుంది, నీళ్లలో పెడితే వారం పది రోజులు నిలుస్తుంది. కేరళలో ఆడవాళ్లు ఇంటి దగ్గరే పెంచి అమ్ముకుంటున్నారు. కానీ ఎవరైనా వచ్చి మొక్కా, మందూ, తిరిగి కొనే మాటా మూడూ ఒకే సంచిలో పెట్టి అమ్మితే, చేతికి వచ్చిన డబ్బు ఇయ్యవద్దు. సీసా మీద ఏ మందు పేరుందో, ఎంత శాతమో చదివించుకోండి. మన పిల్లల్లో ఎవరో ఒకరు చదివినవాళ్లు ఉంటారు, వాళ్లను అడగడానికి నామోషీ పడవద్దు. పది ముక్కలు మందుతో, పది ముక్కలు మందు లేకుండా పెట్టి మీరే లెక్కపెట్టుకోండి. మిల్లులో మనం కౌంటు చూడకుండా నూలు పంపినామా?

నా మేనకోడలు తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు, బడి అంతా తమిళమే. ఈ పుస్తకం వచ్చినాక నేను ఎలవూరు పోయి ఇది చదివి వినిపించాలి. తప్పులుంటే ఆ పిల్ల చెబుతుంది, వచ్చే నెల దిద్ది రాస్తాను. అప్పటికి ఇరవై మూడులో ఎన్ని మిగిలినాయో కూడా రాస్తాను.